తిరువొత్తియూరు దగ్గర మడతపడిన ట్రైలర్

మా మామయ్య చెన్నై హార్బర్ నుంచి కంటైనర్లు తోలతాడు. పోయిన వానల్లో ఆయన బండి మడతపడింది. ఖాళీ ట్రైలర్, తడి రోడ్డు, అడ్డొచ్చిన బైకు. బ్రేకు తొక్కగానే ట్రైలర్‌ను లాగే ముందు బండి వెనక చక్రాలు బిగుసుకుపోయి జారాయి, ట్రైలర్ వెనక నుంచి తోసి దాన్ని పక్కకు తిప్పేసింది. ఖాళీ బండికే ఈ ప్రమాదం ఎక్కువట, చక్రాలకు పట్టు చాలదు కాబట్టి.

బైకు కుర్రాడి కాలు విరిగింది. కేసు మామయ్య ఒక్కడి మీదే పెట్టారు. బ్రేకులు బాగాలేవని ఆయన ఓనరుకు రెండుసార్లు చెప్పాడు! డ్యూటీలో డ్రైవరు తప్పు చేసినా నష్టపరిహారం బాధ్యత ఓనరుకూ ఉంటుంది, ఇన్సూరెన్స్ ఉంటే మామూలుగా ఆ కంపెనీ కడుతుంది. 1988 మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ప్రమాదం జరిగిన 6 నెలల్లోపు, ఇలాంటి పరిహారం కేసులు చూసే ట్రిబ్యునల్‌లో దరఖాస్తు వేయాలి. ఆ గడువు సంగతి కుర్రాడి వాళ్ళమ్మకు నేనే వెళ్ళి చెప్పొచ్చాను.