ఫార్ములా వద్దంది

"అమ్మా, ఫార్ములా చెప్పకు ప్లీజ్, ఐ డోంట్ వాంట్ దట్" అంది మా అమ్మాయి, హోంవర్క్ కాగితాన్ని నా చేతి కింద నుంచి లాక్కుంటూ. ప్రశ్న చిన్నదే. బ్యాటరీకి ఒక బల్బు పెడితే వెలిగింది, అలాంటిదే ఇంకోటి సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి ఒకే దారిలో, కలిపితే ఏమవుతుంది, ఎందుకు? నేను అప్పటికే ఓమ్ సూత్రం రాసేసి, రెసిస్టెన్స్ (కరెంట్‌కి తగిలే అడ్డు) రెట్టింపు, కరెంట్ సగం, ఒక్కో బల్బుకి వోల్టేజ్ సగం, కాబట్టి పవర్ పావు వంతు అని తేల్చి కింద రెండు గీతలు కూడా గీసేశాను. (అసలు బల్బుతో ఇంత కచ్చితంగా రాదు. ఫిలమెంట్ వేడి తగ్గితే దాని రెసిస్టెన్స్ కూడా తగ్గుతుంది. కానీ పరీక్షలో మార్కులు వేసేది పావు వంతుకే.)

తనకి కావలసింది వేరు. "ముందున్న బల్బుకి, తన తర్వాత ఇంకో బల్బు ఉందని ఎలా తెలుస్తుంది? కరెంట్ ఇంకా అక్కడిదాకా వెళ్ళలేదు కదా?"

కిర్కాఫ్ నియమాలతో ఎంత చిక్కు సర్క్యూట్ ఇచ్చినా విప్పేదాన్ని నేను, చదువుకునే రోజుల్లో. ఈ ప్రశ్న నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఆ రాత్రి తను పడుకున్నాక కూర్చుని చదివాను. విషయమేంటంటే ఎలక్ట్రాన్లు బ్యాటరీలోంచి బయల్దేరి ఒక్కో బల్బునీ పలకరించుకుంటూ వెళ్ళవు. తీగ నిండా ముందునుంచే ఉంటాయి. సైకిల్ చైన్‌లాగా, ఎక్కడ అడ్డు తగిలినా మొత్తం చైనే నెమ్మదిస్తుంది. మామూలు తీగలో ఎలక్ట్రాన్ సెకనుకి ఒక మిల్లీమీటర్ కూడా జరగదు, కానీ స్విచ్ వేసిన కబురు మాత్రం దాదాపు కాంతి వేగంతో సర్క్యూట్ అంతా పాకి, కన్ను మూసి తెరిచేలోపు అంతా సర్దుకుంటుంది. అందుకే రెండు బల్బుల్లోనూ ఒకటే కరెంట్. మొదటిది తినేయగా మిగిలింది రెండోదానికి అనుకుంటారు చాలామంది, పెద్దవాళ్ళు కూడా.

కాబట్టి సలహా అడిగితే ఇదే చెప్తాను: టార్చ్ బల్బులు, చిన్న బ్యాటరీలు, నాలుగు తీగ ముక్కలు ఇచ్చి (గోడ ప్లగ్ జోలికి మాత్రం పోనివ్వొద్దు), వెలిగించే ముందే ఏమవుతుందో పందెం కట్టమనండి. సిరీస్‌లో ఒకటి ఊడదీస్తే రెండోదీ ఆరిపోతుంది, ప్యారలల్‌లో, అంటే ఒక్కోదానికి విడిగా దారి ఉంటే, రెండోది హాయిగా వెలుగుతుంది. మనం మధ్యలో నోరు మెదపకూడదు.

చెప్పడానికి బాగానే ఉంది. పిల్లల్ని వాళ్ళ పద్ధతిలో వదిలెయ్యాలని ఫ్రెండ్‌కి ఫోన్‌లో గంటసేపు ఉపన్యాసం ఇచ్చి, ఫోన్ పెట్టగానే ప్యారలల్ లెక్కలు ఒక షీటు నిండా ప్రింట్ తీసే మనిషిని నేను. ఆరు ఓమ్‌ల రెసిస్టెన్స్, మూడు ఓమ్‌ల రెసిస్టెన్స్ ప్యారలల్‌లో పెడితే రెండు ఓమ్‌లు అని చెప్పడానికి తను క్యాలిక్యులేటర్ కోసం వెతుకుతుంటే నా ప్రాణం ఆగదు మరి.

అసలు గొడవ ఫార్ములాది కాదేమో అని ఈమధ్య అనిపిస్తోంది. తిను, పడుకో, షూస్ విప్పు, ఇవి దాటి కూడా తెలుగు తన చెవిన పడాలని పంతం పట్టి ఫిజిక్స్ తెలుగులోనే చెప్తాను. తను ఇంగ్లిష్‌లో జవాబిస్తుంది. నేను రెండోసారి చెప్పేటప్పటికి గొంతు కొంచెం లేస్తుంది, మూడోసారికి బాగా లేస్తుంది. అంటే మా ఇంట్లో కాస్త పొడుగ్గా తెలుగు వినిపించేది టెన్షన్ పడే వేళల్లోనే అన్నమాట. ఫార్ములా వద్దు అన్నప్పుడు నాకు అంత రోషం ఎందుకొచ్చిందో ఇప్పుడు కొంచెం తెలుస్తోంది, నేను నేర్చుకున్న తీరు, నేను మాట్లాడే మాట, రెండూ కలిపి వద్దందేమో అనుకున్నాను. అలా అనలేదు పాపం. బల్బు గురించే అడిగింది.

వచ్చే యూనిట్ సింపుల్ మెషీన్స్. కదిలే కప్పీ ఒకటుంటే సగం బలం చాలు, కానీ తాడు రెట్టింపు లాగాలి, పని తగ్గేదేమీ లేదు. ఇది తనంతట తనే లాగి చూసి తెలుసుకుంటే ఎంత బాగుంటుందో నాకు తెలుసు. పక్కన నోరు మూసుకుని కూర్చుంటే చాలు. అయితే నేను నోరు మూసుకుంటే ఇంక ఆ కాస్త తెలుగు ఎప్పుడు వింటుంది? ఫిజిక్స్ కాకుండా వేరే ఏదైనా మాట్లాడొచ్చు కదా అంటారు మా ఆయన. ఏం మాట్లాడాలో మాత్రం ఆయనా చెప్పరు.