అలారం మోగితే ముందు ఎటు చూడాలి

కొత్తగా నర్సింగ్ పాసైనవాళ్లకంటే, ఐసీయూలో ఏళ్ల తరబడి చేసి ఇంగ్లండ్ వచ్చిన నర్సులే ఇక్కడ మొదటి కొన్ని నెలలు ఎక్కువ ఇబ్బంది పడతారు. నేనూ అలా వచ్చినదాన్నే. ఇప్పుడు అలా వచ్చేవాళ్లకి వెంటిలేటర్ పేషెంట్ల నర్సింగ్ నేర్పించడం నా ఉద్యోగం. గొంతులోని శ్వాస ట్యూబ్ ఎలా కట్టాలో, సక్షన్ (సన్న గొట్టంతో, అంటే కాథెటర్‌తో, కఫం లాగేయడం) ఎలా చేయాలో, పేషెంట్‌ని ఎలా తిప్పాలో వాళ్లకి బాగా తెలుసు. అయినా తడబడతారు. పని ఒకటే, కానీ అందులో ఏ ముక్క ఎవరు చేయాలన్నది దేశం మారితే మారిపోతుంది.

గల్ఫ్‌లో చేసి వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. అక్కడి పెద్ద ఆస్పత్రుల్లో వెంటిలేటర్ చూసుకోవడానికి రెస్పిరేటరీ థెరపిస్టులు వేరే ఉంటారు. అలా వచ్చినవాళ్లు మొదటి వారంలోనే "ఆర్‌టీని ఏ నంబర్‌కి పిలవాలి అక్కా?" అని అడుగుతారు. ఇక్కడ ఆ ఉద్యోగమే లేదు. ఛాతీలో కఫం సంగతి, పేషెంట్‌ని లేపి కూర్చోబెట్టడం ఫిజియోలు చూస్తారు. డాక్టర్లు రౌండ్‌లో ఆక్సిజన్ ఎంతలో ఉండాలి, కార్బన్ డయాక్సైడ్ ఎంతలో ఉండాలి అని రాసి వెళ్తారు. ఆ మధ్యలో గంట గంటకీ మెషీన్‌ని చూసుకునేది, ఆక్సిజన్ శాతం పెంచేది, తగ్గించేది మంచం దగ్గరున్న నర్సే. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కి ఒక నర్సు ఉండాలని ఇక్కడి ప్రమాణాలు చెప్పేది ఇందుకే. యూనిట్ నర్సుల్లో కనీసం 50 శాతం మంది క్రిటికల్ కేర్ కోర్సు చేసి ఉండాలని కూడా ఉంది.

ఇంకో రెండు సంగతులు మొదటి రోజే చెప్పేస్తాను, లేకపోతే గుండె ఆగినంత పనవుతుంది. ఒకటి, బ్లడ్ గ్యాస్ రిపోర్టు, అంటే రక్తంలో ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఎంతున్నాయో చెప్పేది, ఇక్కడ కిలోపాస్కల్స్‌లో వస్తుంది. ఇన్నాళ్లూ పాదరసం మిల్లీమీటర్లలో చూసిన కళ్లకి ఆక్సిజన్ 10 అని కనిపిస్తే పేషెంట్ పోయాడనే అనిపిస్తుంది. ఏడున్నరతో హెచ్చిస్తే అది 75. రెండోది, చేత్తో ఊపిరివ్వడానికి చాలా యూనిట్లలో మంచం దగ్గర వేలాడేది ఆంబు బ్యాగ్ కాదు, వాటర్స్ సర్క్యూట్ అనే ఇంకో రకం బ్యాగ్. ఆంబు బ్యాగ్ నొక్కి వదిలితే దానంతట అదే ఉబ్బుతుంది. ఇది ఉబ్బదు. ఆక్సిజన్ తిప్పాలి, వాల్వ్ సరిచేయాలి, అప్పుడే నిండుతుంది. ఎమర్జెన్సీలో మొదటిసారి పట్టుకునే వస్తువు కాదది. అందుకని మొదటి వారమంతా ఖాళీగా ఉన్నప్పుడల్లా బొమ్మ మీద దాంతోనే ఊపిరి పోయిస్తాను.

తర్వాత వచ్చేది పుస్తకం. స్టెప్ 1 అంటారు. కఫ్ (ట్యూబ్ చుట్టూ ఉబ్బే గాలి బుడగ) ప్రెషర్ చూడటం నుంచి పేషెంట్‌ని స్కాన్‌కి తీసుకెళ్లడం దాకా ఒక్కో పని చేసి చూపించి సంతకం పెట్టించుకోవాలి. "పదేళ్లు ఐసీయూ చేశానక్కా, సక్షన్‌కి కూడా సంతకమా?" అంటారు. ఆ ఉక్రోషంలో న్యాయముంది. కానీ అడిగి చూస్తే రెండు గంటలకోసారి లెక్క ప్రకారం సక్షన్ చేయడం అలవాటైనవాళ్లు ఉంటారు. అవసరమైతేనే చేయాలి, లోపల 15 సెకన్లు మించకూడదు, కాథెటర్ లావు ట్యూబ్ లోపలి వెడల్పులో సగం దాటకూడదు. ఊరికే చేసే ప్రతి సక్షన్‌కీ ఆక్సిజన్ పడిపోతుంది, లోపలి పొర గీరుకుపోతుంది. సంతకం కంటే అక్కడ జరిగే ఈ మాటలే నాకు కావాలి.

ఇక అలారం. నా క్లాసుల్లో సగం దీని చుట్టూనే తిరుగుతుంది. సిమ్యులేషన్ గదిలో మనిషంత బొమ్మని వెంటిలేటర్‌కి తగిలించి, పక్క గదిలోంచి ప్రెషర్ పెంచేస్తాం. అలారం మోగుతుంది. దాదాపు అందరూ చేసే మొదటి పని బటన్ నొక్కి శబ్దం ఆపడం, రెండో పని తలుపు వైపు చూడటం. పేషెంట్ వైపు చూడటం మూడోది. ఈమధ్య వచ్చిన ఒకమ్మాయి మన భాషే. ఇద్దరమే ఉన్నాం కాబట్టి తెలుగులోనే అడిగింది.

"అక్కా, హై ప్రెషర్ వస్తోంది. డాక్టర్ని పిలవనా?"

"పిలువమ్మా. ఆయన వచ్చేదాకా ఏం చేస్తుంటావు?"

సమాధానం లేదు. తెలియక కాదు, మెల్లిగా అడిగితే అన్నీ వరసగా చెప్పింది. ఛాతీ రెండు వైపులా లేస్తోందా? ట్యూబ్ పెదవి దగ్గర పొద్దున రాసుకున్న సెంటీమీటర్ దగ్గరే ఉందా? కొరుకుతున్నాడా? సక్షన్ కాథెటర్ దిగుతోందా? ఏదీ తేలకపోతే మెషీన్ నుంచి విడదీసి, వంద శాతం ఆక్సిజన్‌తో చేత్తో ఊపిరివ్వడం. చేత్తో సులువుగా వెళ్తే తప్పు మెషీన్‌లోనో గొట్టాల్లోనో ఉన్నట్టు, బ్యాగ్ గట్టిగా తగిలితే ట్యూబ్‌లోనో ఊపిరితిత్తిలోనో ఉన్నట్టు. ఇదంతా ఆమెకి కంఠతా వచ్చు. ఎవరూ చెప్పకుండా మెషీన్ విప్పొచ్చా అన్నదే ఆమె సందేహం. విప్పొచ్చు, విప్పాలి కూడా. ఈ ధైర్యం రావడానికి పాఠాలు చాలవు, పదేపదే విప్పి చూడాల్సిందే.

ఐసీయూలో ఈ పని మొదట చేసింది మెషీన్ కాదు కదా. 1952లో కోపెన్‌హాగెన్‌లో పోలియో విజృంభించినప్పుడు బ్యోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టర్ రోగుల గొంతులో ట్యూబ్ పెట్టించి, వైద్య విద్యార్థుల్ని వంతులవారీగా కూర్చోబెట్టి రాత్రింబవళ్లు బ్యాగ్ నొక్కించాడు. ఐసీయూ పుట్టింది అక్కడే. ఈ సంగతి చెప్తే మెషీన్ మీద భయం కాస్త తగ్గుతుందని నేను కనిపెట్టాను.

కార్బన్ డయాక్సైడ్ గీత విషయంలో మాత్రం నేను కఠినంగానే ఉంటాను. బ్రిటన్‌లో శ్వాసమార్గం ప్రమాదాల మీద చేసిన పెద్ద ఆడిట్, నాప్4, 2011లో వచ్చింది. దానికి అందిన ఐసీయూ మరణాల్లో 70 శాతానికి పైగా కాప్నోగ్రఫీ, అంటే వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ని ఈ గీతగా చూపించే పరీక్ష, వాడకపోవడం ఒక కారణం అయ్యుండొచ్చని తేల్చారు. స్క్రీన్ మీద ఆ గీత చదునైపోతే వైరు ఊడిందేమో అని వెతుక్కోకూడదు. ట్యూబ్ ఉండాల్సిన చోట లేదనే ముందు అనుకోవాలి. అరవాలి, ఆస్పత్రి ఎమర్జెన్సీ నంబర్ 2222 కొట్టించాలి.

అరవడం సరే, పెద్ద డాక్టర్‌కి ఎదురుచెప్పడం ఇంకా కష్టం. 155 సెంటీమీటర్ల పొడవు, 95 కిలోల బరువున్న ఒకావిడ అనుకుందాం. ఊపిరితిత్తులు ఒంటి బరువుతో పెరగవు, పొడవుని బట్టే ఉంటాయి. లెక్క వేస్తే ఆవిడకి వాడాల్సిన బరువు 48 కిలోలు. కిలోకి 6 మిల్లీలీటర్లంటే ఒక్కో శ్వాసకి 290 దగ్గర. 2000లో అమెరికాలో వచ్చిన ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతినే జబ్బు) ట్రయల్‌లో కిలోకి 12 ఇచ్చినవాళ్లలో 39.8 శాతం మంది చనిపోతే, 6 ఇచ్చినవాళ్లలో 31 శాతం. మరి డ్యూటీ ఎక్కేసరికి మెషీన్ మీద 500 కనిపిస్తే? కన్సల్టెంట్‌ని పేరుపెట్టి పిలిచి, "ఈవిడ పొడవుకి ఇది ఎక్కువ, తగ్గిద్దామా?" అని నర్సు అడగాలి. సార్ అనకుండా పేరుతో పిలవడానికే మనవాళ్లకి నెల పడుతుంది. పొడవు కొలిచే టేపు చేతికిచ్చి, మంచం మంచానికీ తిరిగి లెక్క వేయమంటాను. చేతిలో సొంత అంకె ఉంటే నోరు పెగులుతుంది.

అన్నిటికంటే నాకే కష్టమనిపించింది పెదవులు చదవడం. ట్రేకియాస్టమీ (మెడ దగ్గర రంధ్రం చేసి ట్యూబ్ పెట్టడం) పడి, మత్తు తగ్గి, మెల్లగా వెంటిలేటర్ నుంచి విడిపోతున్న పేషెంట్ నోరు కదుపుతాడు, శబ్దం రాదు. ఇక్కడ పుట్టిన నర్సు రెండోసారికి పట్టేస్తుంది. మనకి వాళ్ల యాసే వినపడి కూడా సగం అర్థం కాదు, వినపడకుండా ఎలా? అర్థమైనట్టు తలూపేస్తే పేషెంట్ వెంటనే కనిపెడతాడు, ముఖం తిప్పుకుంటాడు. అక్షరాల బోర్డు తెచ్చుకోండి, అవునుకి కన్ను ఒకసారి ఆర్పమనండి, నొప్పా, దాహమా, ఊపిరి ఆడట్లేదా అని ముందు పెద్ద ప్రశ్నలు అడగండి అని చెప్తాను. అర్థం కాకపోతే కాలేదనే చెప్పమంటాను. ఊపిరాడని మనిషి మాట మనకి అందలేదన్న మొహమాటంతో పక్క నర్సుని పిలవకపోవడం నాకు అస్సలు నచ్చదు.

కొత్తగా చేరినవాళ్లని కనీసం ఆరు వారాలు డ్యూటీ నర్సుల లెక్కలో కలపకుండా, ఇంకో నర్సుతో జతగా ఉంచాలని ప్రమాణాల్లో ఉంది. కాగితం మీద బాగుంటుంది. ఇద్దరు సిక్ కాల్ చేసిన రాత్రి, "తను ఐసీయూ అనుభవం ఉన్నావిడే కదా" అని మూడో వారంలోనే ఒంటరిగా పేషెంట్‌ని ఇచ్చేస్తారు. అనుభవం ఉండటమే అక్కడ శాపం. కాదనలేక తీసుకుంటారు, మర్నాడు కళ్లు ఎర్రగా వచ్చి నాకు చెప్తారు. అలాంటి రాత్రికి డేటిక్స్ పెట్టాలి, అంటే కంప్యూటర్లో జరిగింది రాసి పంపాలి. అది ఎవరి మీదో పితూరీ అనుకుని, వీసా ఏమవుతుందోనని భయపడతారు. మొదటిది నా పక్కనే కూర్చోబెట్టి రాయిస్తాను. మనుషుల పేర్లు రాయొద్దు, వార్డులో ఆ రాత్రి ఎందరు పేషెంట్లు, ఎందరు నర్సులు, ఎన్ని గంటలకి ఏం అడిగావు, ఏమన్నారు అన్నవి రాయి అంటాను. రెండోది వాళ్లే రాసుకుంటారు.