పాత స్నోమొబైల్‌కు మంచు లేని నెలల్లో చేసిన మార్పులు

నా స్నోమొబైల్ (ముందు స్కీలు, వెనుక తిరిగే రబ్బరు పట్టా, అంటే ట్రాక్ ఉండే మంచు బండి) 1997 నాటి మోడల్. రెండు సిలిండర్ల టూ-స్ట్రోక్ ఇంజన్, దానిని చల్లబరిచే కూలెంట్, రెండు మికుని కార్బురేటర్లు, 121 అంగుళాల ట్రాక్ దాని ముఖ్య భాగాలు. గత శీతకాలం చివర్లో గడ్డకట్టిన సరస్సు మీద కొంతసేపు వేగంగా నడిపి థ్రాటిల్ వదిలినప్పుడు, ఇంజన్ శబ్దం వెంటనే దిగకుండా రెండు మూడు సెకన్ల పాటు పైనే నిలిచిపోయింది. ఆ సూచనను నేను పట్టించుకోలేదు. మరో పది నిమిషాలు గడిచాయో లేదో ఇంజన్ ఒక్కసారిగా బిగుసుకుపోయి ఆగిపోయింది.

సిలిండర్లు విప్పి చూస్తే, క్లచ్ వైపు పిస్టన్ మీద, ఎగ్జాస్ట్ రంధ్రానికి ఎదురుగా ఉండే భాగంలో, గోటికి తగిలేంత లోతుగా నిలువు గీతలు పడి ఉన్నాయి. కారణం కార్బురేటర్‌ను ఇంజన్‌కు కలిపే రబ్బరు గొట్టంలో దొరికింది. బిగించి ఉన్నంతసేపూ నున్నగా కనిపించిన ఆ రబ్బరును చేతిలోకి తీసుకొని రెండు బొటనవేళ్లతో వంచగానే, అడుగు భాగంలో సన్నని పగులు విచ్చుకుంది. కార్బురేటర్ దాటిన తరువాత ఆ పగులు గుండా లోపలికి చేరే గాలికి తగిన పెట్రోలు ఉండదు. టూ-స్ట్రోక్ ఇంజన్‌లో లోపలికి వచ్చే పెట్రోలే పిస్టన్ వేడిని కొంత లాగేసుకుంటుంది కాబట్టి, అది తగ్గితే పిస్టన్ అతిగా వేడెక్కి, ఉబ్బి, సిలిండర్ గోడను పట్టేస్తుంది.

అప్పటివరకు వేసవిలో కొనవలసిన వస్తువుల జాబితా ఒకటి నా దగ్గర ఉండేది. కొత్త ఎగ్జాస్ట్ పైపు, వెడల్పాటి స్కీలు, ఎత్తు పెంచే హ్యాండిల్ అమరిక అందులో మొదటి మూడు. ఆ జాబితాను పక్కన పెట్టి, బండి తయారైన రోజున ఎలా పనిచేసేదో ముందుగా ఆ స్థితికి తీసుకురావాలని, ఆ తరువాతే దానికి కొత్తగా ఏమి కావాలో ఆలోచించాలని నిర్ణయించుకున్నాను. ఇరవై ఏళ్లు దాటిన బండిలో ఏ భాగం అరిగి పనితీరు తగ్గిందో తెలియకుండా కొత్త భాగం తగిలిస్తే, లోపం ఎక్కడుందో మరింత తెలియకుండా పోతుంది.

ఇంజన్‌కు కొత్త పిస్టన్లు, రింగులు, గాస్కెట్లు వేశాను. రెండు రబ్బరు గొట్టాలతో పాటు గట్టిపడిన పెట్రోలు పైపులన్నింటినీ మార్చాను. క్రాంక్‌కేస్‌లో పుట్టే ఒత్తిడి మార్పులతో పనిచేసే పెట్రోలు పంపు లోపలి పలుచని పొరను కూడా మార్చాను. అన్నీ బిగించిన తరువాత, ఎగ్జాస్ట్, ఇన్‌టేక్ రంధ్రాలను మూసి ఇంజన్‌లోకి సుమారు 6 పీఎస్‌ఐ గాలిని ఎక్కించి, ఆ ఒత్తిడి నిలుస్తుందో లేదో గమనించాను. గేజి ముల్లు మెల్లగా దిగుతూ ఉండటంతో అనుమానం ఉన్న ప్రతి చోటా సబ్బు నీళ్లు రాశాను. క్లచ్ వెనుక ఉండే క్రాంక్ సీలు (క్రాంక్‌షాఫ్ట్ చుట్టూ గాలి దూరకుండా ఆపే వలయం) అంచున చిన్న చిన్న బుడగలు వరుసగా లేచాయి. రబ్బరు గొట్టాన్ని మాత్రమే మార్చి ఊరుకుని ఉంటే, ఈ సీలు వల్ల అదే పిస్టన్ మళ్లీ దెబ్బతినేది. పాత టూ-స్ట్రోక్ బండి ఉన్న ప్రతి ఒక్కరూ ఏ ఇతర ఖర్చు పెట్టకముందే ఈ పరీక్ష చేయాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

కార్బురేటర్ల గురించి ఒక్క మాట చెప్పాలి. నెలల తరబడి నిలిచిన పెట్రోలు ఆవిరైపోయి పైలట్ జెట్‌లో (థ్రాటిల్ తక్కువగా ఉన్నప్పుడు పెట్రోలు పంపే సన్న రంధ్రం ఉన్న భాగంలో) జిగురులాంటి పొరను మిగుల్చుతుంది. జెట్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే రంధ్రం గుండ్రంగా, స్పష్టంగా కనిపించాలి. దానిలోకి తీగ దూర్చితే రంధ్రం కొలత మారిపోవచ్చు, అందుకని శుభ్రపరిచే ద్రవంలో నానబెట్టి గాలితో ఊదడమే సరైన పద్ధతి. చలి పెరిగే కొద్దీ గాలి చిక్కబడి ఎక్కువ పెట్రోలు కావాలి కాబట్టి, ఉష్ణోగ్రతనూ ఎత్తునూ బట్టి ఏ మెయిన్ జెట్ (థ్రాటిల్ పూర్తిగా నొక్కినప్పుడు పెట్రోలు పంపే జెట్) వేయాలో తెలిపే పట్టికను నేను ఎప్పుడూ అందుబాటులో ఉంచుకుంటాను.

ఈ వేసవిలో ఎక్కువ కాలం తీసుకున్నవి, ఎక్కువ ఫలితం ఇచ్చినవి క్లచ్‌లు. స్నోమొబైల్‌లో గేర్లు మార్చే పని ఉండదు. ఇంజన్ వైపున్న ప్రైమరీ క్లచ్, ట్రాక్ వైపున్న సెకండరీ క్లచ్ రెండూ ఒకదానికి అనుగుణంగా మరొకటి, తమ రెండేసి పళ్లేలను దగ్గర చేస్తూ, విడదీస్తూ వాటి మధ్య ఉండే బెల్టును పైకీ కిందికీ జరుపుతాయి. బండి బలహీనపడిందని చాలామంది ఇంజన్‌ను అనుమానిస్తారు గాని, ఆ బలం ఈ రెండింటి మధ్యనే కరిగిపోతూ ఉండవచ్చు. ప్రైమరీని దానికి తగిన పుల్లర్‌తో తీసి విప్పినప్పుడు, మూడు రోలర్లలో ఒకటి ఒక పక్కన చదునైపోయి కనిపించింది. అది నేరుగా దొర్లకుండా, వేగం పెరిగే కొద్దీ బయటికి విసురుకునే బరువుల వంపు మీద రుద్దుకుంటూ, అక్కడ చిన్న గాడిని కూడా చేసింది. మూతలోని బుషింగ్ ఎంత అరిగిందంటే, మూతను చేత్తో పట్టుకుని కదిపితే అటూ ఇటూ ఊగింది. రోలర్లు, బరువులు, బుషింగ్, నీరసించిన స్ప్రింగు, సెకండరీలోని ప్లాస్టిక్ బటన్లు, అన్నీ కొత్తవి వేశాను. బటన్ల స్థానంలో రోలర్లు ఉండే సెకండరీ అమరికలు దొరుకుతాయి, వాటిలో రాపిడి తక్కువ. అయితే కొత్త బటన్లతోనే నా బండి అవసరం తీరుతుందని అనిపించి ఆ ఖర్చు మానుకున్నాను. బెల్టు వెడల్పును క్యాలిపర్‌తో కొలిచి మాన్యువల్‌లోని పరిమితితో పోల్చాను. రెండు క్లచ్‌ల వరుస, వాటి నడుమ దూరం, బెల్టు ఎంత కిందికి వంగుతోంది అనే మూడింటినీ మాన్యువల్ ప్రకారమే సరిచేశాను.

ఇక ట్రాక్. పాత దాని పళ్లు 0.75 అంగుళాల ఎత్తు ఉండేవి, ఇప్పుడు 1.25 అంగుళాల పళ్లున్న ట్రాక్ వేశాను. వెడల్పు 15 అంగుళాలు, కడ్డీల మధ్య దూరం 2.52 అంగుళాలు. ఈ రెండో కొలత డ్రైవ్ చక్రాల పళ్లకు సరిపోకపోతే ట్రాక్ పనికిరాదు. పళ్లు పొడవైనప్పుడు అవి టన్నెల్‌లోని (ట్రాక్ మీద ఉండే లోహపు కప్పులోని) హీట్ ఎక్స్ఛేంజర్‌ను, అంటే మంచుతో కూలెంట్‌ను చల్లబరిచే భాగాన్ని, రాసుకోకుండా తగినంత ఖాళీ ఉందో లేదో ముందే కొలుచుకోవాలి. పొడవైన పళ్లు మంచును ఎక్కువగా పట్టుకుంటాయి గనుక ఇంజన్ మీద భారం పెరుగుతుంది. అందుకే చెయిన్ కేస్‌లోని (సెకండరీ క్లచ్ నుంచి ట్రాక్‌కు బలాన్ని చేరవేసే చెయిన్ ఉండే పెట్టెలోని) పై స్ప్రాకెట్‌ను, అంటే పళ్ల చక్రాన్ని, 22 పళ్ల నుంచి 21 పళ్లకు దించాను. కింద 40 పళ్లే ఉన్నాయి కాబట్టి నిష్పత్తి 1.82 నుంచి 1.90కి మారింది. గరిష్ఠ వేగంలో పోయేది కొద్దిగా మాత్రమే, లోతైన మంచులోంచి కదిలేటప్పుడు కలిసివచ్చేది చాలా ఎక్కువ.

ఈ వేసవిలో నేను చేర్చిన వాటిలో అతి చిన్నది, నాకు అత్యంత ఇష్టమైనది ఐస్ స్క్రాచర్ల జత. ఇవి సస్పెన్షన్ పట్టాలకు బిగించే స్ప్రింగు లాంటి ఉక్కు తీగలు. గట్టిపడిన దారి మీదా మంచుగడ్డ మీదా నడిపేటప్పుడు ట్రాక్ వదులు మంచును పైకి చల్లలేదు. ట్రాక్ జారే ప్లాస్టిక్ పట్టీలకు ఆ మంచే కందెన, హీట్ ఎక్స్ఛేంజర్లకు ఆ మంచే చల్లదనం. మంచు లేకపోతే పట్టీలు కరిగిపోతాయి, కూలెంట్ వేడెక్కుతుంది. స్క్రాచర్ల మొనలు నేలను గీకి పొడి మంచును లేపి ఆ రెండింటికీ అందిస్తాయి. పాత పట్టీలు అరుగుదల గీత దాటిపోయాయి కాబట్టి వాటినీ, గరగరలాడుతున్న చక్రాల బేరింగులనూ అప్పుడే మార్చేశాను.

స్కీల విషయంలో నాకు తొందర ఉండేది గాని, ముందుగా స్టీరింగ్ కీళ్లను కదిపి చూశాను. స్టీరింగ్‌ను స్కీలకు కలిపే టై రాడ్ల చివర్లు వదులుగా ఉన్నాయి. వాటిని మార్చి, కింద అరిగిన కార్బైడ్ పట్టీలు మార్చి, స్కీల ముందు భాగాలు కొద్దిగా బయటికి తిరిగి ఉండేలా సరిచేశాను. బండి పాత గాడులను పట్టుకుని అటూ ఇటూ లాగడం ఇంతటితోనే తగ్గితే, వెడల్పాటి స్కీల అవసరం తీరిపోవచ్చు.

హెడ్‌లైట్‌కు ఎల్‌ఈడీ వేయమని చాలామంది చెబుతారు. విద్యుత్తు ఆదా అవుతుంది, ఆ మిగులు చేతులను వెచ్చబరిచే పిడులకు పనికొస్తుంది. కానీ పాత బండ్లలో చాలావాటి దీపాలకు స్టేటర్ (ఇంజన్‌లో విద్యుత్తు పుట్టించే తీగచుట్టలు) నుంచి వచ్చేది ఏసీ విద్యుత్తు, కాబట్టి దానిని డీసీగా మార్చే రెక్టిఫైయర్ లేకపోతే ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటుంది. దానికి మించి, పాత హాలోజన్ దీపం వేడికి అద్దం మీద అంటుకున్న మంచు కరిగిపోతుంది, ఎల్‌ఈడీకి ఆ వేడి చాలదు. రాత్రి పూట మంచు కురుస్తుండగా నడిపే అలవాటు నాకు ఉంది, అందుకే ముందు దీపాన్ని మార్చలేదు.

ఎగ్జాస్ట్ పైపు ఆలోచన పూర్తిగా మానుకున్నాను. టూ-స్ట్రోక్ పైపు కేవలం పొగను బయటికి పంపే గొట్టం కాదు, ఒత్తిడి తరంగాన్ని వెనక్కు పంపి ఒక నిర్ణీత వేగ పరిధిలో సిలిండర్‌ను నింపడానికి తోడ్పడుతుంది. దానిని మార్చితే జెట్లూ, క్లచ్ బరువులూ, స్ప్రింగులూ అన్నీ మళ్లీ కుదుర్చుకోవాలి. పైగా శబ్దం పెరుగుతుంది. దారుల పక్కన నివసించేవారిని ఆ శబ్దంతో ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు.

నిన్న సాయంత్రం బండి వెనుక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తి, వెనుక ఎవరూ లేరని చూసుకొని, మొదటిసారి స్టార్ట్ చేశాను. మంచు లేకుండా కూలెంట్ చల్లబడదు కాబట్టి రెండు నిమిషాలకు మించి నడపలేదు. లోపల పూసిన నూనె తెల్లని పొగగా కాసేపు వెళ్లి, తరువాత శుభ్రపడింది. థ్రాటిల్‌ను కొద్దిగా నొక్కి వదిలాను. శబ్దం పైన ఒక్క క్షణం కూడా నిలవకుండా వెంటనే ఐడిల్‌కు దిగింది.