చలిజ్వరం పట్టిన కారు

మూడు వారాలుగా మా కారు సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, చలిజ్వరం వచ్చినట్టు వణికేది. బెంజి సర్కిల్‌లో పచ్చలైటు పడ్డాక యాక్సిలరేటర్ తొక్కితే, ఒక క్షణం ఆలోచించుకుని గానీ కదిలేది కాదు. వెనక ఆటోల హారన్లు సరేసరి. ఒక గ్యారేజీలో నాలుగు స్పార్క్ ప్లగ్గులూ మార్చారు. డబ్బు పోయింది, వణుకు పోలేదు.

నిన్న ఆటోనగర్‌లో ఒక పెద్దాయనకు చూపించాను. ఆయన పానా ముట్టుకోలేదు. బానెట్ ఎత్తి, తల వంచి కాసేపు విన్నారంతే. "ఎక్కడో గాలి పీలుస్తోందండీ" అన్నారు. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌కు (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టాల అమరికకు) తగిలించిన సన్న రబ్బరు గొట్టాన్ని మొదలు దగ్గర వేళ్లతో నొక్కి పట్టగానే, 500కీ 1,100కీ మధ్య ఊగుతున్న ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్ల) ముల్లు 800 దగ్గర బుద్ధిగా నిలబడింది!

గొట్టం అంచున వెంట్రుకంత పగులు. గాలిని కొలిచే సెన్సర్ లెక్కకు అందని గాలి అందులోంచి దూరి, పెట్రోలు పాళ్లు తగ్గిపోతున్నాయట. ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఊరికే తిరుగుతూ ఉన్నప్పుడు లోపలి పీల్పు ఎక్కువ, అందుకే ఆగినప్పుడే ఈ గోల. ప్లగ్గుల పాపం ఏమీ లేదు.

కొత్త గొట్టం 120 రూపాయలు. పాత ముక్క ఇంకా డ్యాష్‌బోర్డు మీదే ఉంది, పారేయబుద్ధి కావడం లేదు.