రొమ్ము ఆపరేషన్ అంటే నొప్పి ఓర్చుకోవాల్సిందేనా?

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్‌కి ముందు చెకప్‌కి వచ్చే ఆడవాళ్లు మళ్లీ మెలకువ వస్తుందా, పిల్లల్ని ఎప్పుడు చూడొచ్చు అని అడుగుతారు గానీ నొప్పి సంగతి మాత్రం ఎత్తరు. తోడొచ్చిన పెద్దావిడ ఎవరో ఒకరు "కోశాక నొప్పి ఉండదేంటమ్మా, ఓర్చుకోవాలి" అనేస్తారు. ఆ మాట వింటే నాకు నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే అంత ఓర్చుకోవాల్సిన పని లేదు.

మాస్టెక్టమీలో, అంటే క్యాన్సర్ వల్ల రొమ్ము తీసేసే ఆపరేషన్‌లో, చాలాసార్లు చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీస్తారు, నొప్పికి భయపడి చెయ్యి ఒంటికి అంటించుకుని పడుకుంటే భుజం బిగుసుకుపోతుంది, ఫిజియోథెరపీ వెనకబడుతుంది. మొదటి రోజుల్లో నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్లకి అది నెలల తరబడి ఉండిపోయే రిస్క్ కూడా ఎక్కువే.

దీనికే నర్వ్ బ్లాక్, అంటే నొప్పి మోసే నరాల దగ్గర మందు వేసి ఆ చోటు మొద్దుబార్చడం. వెన్నుపూస పక్కన ఇచ్చే పారావెర్టెబ్రల్ బ్లాక్ పాతది, బాగా పనిచేస్తుంది, కాకపోతే ఊపిరితిత్తి పొర పక్కనే కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లే చెయ్యాలి. 2011, 2012లో బ్లాంకో అనే డాక్టర్ ఛాతీ కండరాల పొరల మధ్య మందు వేసే పెక్స్ బ్లాక్‌ల గురించి రాశాక మాకు పని చాలా తేలికైంది. పేషెంట్ మత్తులోకి వెళ్లాక కాలర్‌బోన్ కింద అల్ట్రాసౌండ్ ప్రోబ్ పెడతాం, స్క్రీన్ మీద ఛాతీ కండరాలు రెండు పొరలుగా, వాటి కింద పక్కటెముక, ఇంకా కింద ఊపిరికి కదులుతూ తెల్లగా మెరిసే ప్లూరా (ఊపిరితిత్తి పొర) కనిపిస్తాయి, సూది మొన కళ్లముందే ఉంటుంది, మందు వెళ్తుంటే పొరలు విడిపోయి మధ్యలో నల్లటి చార తెరుచుకుంటుంది. మామూలుగా పెద్దవాళ్లకి పై పొరల మధ్య 10 ఎంఎల్, కింది పొరల మధ్య 20 ఎంఎల్ మందు, బరువు చూసుకుని.

దీంతో మార్ఫిన్ లాంటివి తక్కువ సరిపోతాయి, వాంతులూ తగ్గుతాయి. మర్నాడు పొద్దున రౌండ్స్‌లో ఒకావిడ ఆపరేషన్ అయిన వైపు చేత్తోనే టీ గ్లాసు పట్టుకుని తాగుతుంటే నాకెంత సంతోషమో చెప్పలేను.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా, ఒక్క ఇంజెక్షన్‌తో నొప్పి మొత్తం పోదు. దాదాపు సగం రోజు, కొందరికి ఇంకాస్త ఎక్కువ పనిచేస్తుంది, ఛాతీ మధ్య ఎముక దగ్గర అంతగా పట్టదు, పారాసెటమాల్ ఎలాగూ వేసుకోవాలి. బ్లాక్ ఇస్తే క్యాన్సర్ మళ్లీ రాదని కొందరు చెప్తున్నారు, అది నమ్మకండి, 2019లో రెండు వేల మందికి పైగా ఆడవాళ్ల మీద వచ్చిన పెద్ద స్టడీలో తేడా ఏమీ కనపడలేదు. మేం చేసేది నొప్పి కోసమే, అది చాలు.

మీ ఇంట్లో ఎవరికైనా డేట్ ఇచ్చుంటే సర్జన్‌తో పాటు మత్తు డాక్టర్ని కూడా కలిసి "మాకు బ్లాక్ ఇస్తారా" అని నేరుగా అడగండి. రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నా, ఇంతకుముందు మత్తు ఇంజెక్షన్ పడకపోయినా అప్పుడే చెప్పేయండి.