బ్లేజ్ పాడిన రాత్రులు

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు పట్టింది. బయటికి వెళ్ళాల్సిన పనేమీ లేదు కనుక, ఎప్పటినుంచో సరిచేయాలనుకుంటున్న ఒక రికార్డింగు ముందేసుకుని కూర్చున్నాను. ఐరన్ మెయిడెన్ అనే బ్రిటిష్ హెవీ మెటల్ బృందం 1995లో చేసిన కచేరీ. ఎవరో జనంలో నిలబడి, చిన్న మైకు బట్టల్లో దాచుకుని, క్యాసెట్ మీద పట్టుకున్నది. అట్ట మీద ‘యూరప్, 95’ అని తప్ప ఊరి పేరు రాయలేదు. మొదటి పాట ‘మ్యాన్ ఆన్ ది ఎడ్జ్’. ఆ పర్యటనలో కచేరీలు దానితోనే మొదలయ్యేవి. గిటార్లు అందుకోగానే పక్కనున్నవాళ్ళు వేసిన ఈలకు మైకు బెదిరిపోయి, రెండు మూడు క్షణాలు సంగీతమంతా దూరంగా జరిగిపోతుంది. శబ్దం ఎక్కువైతే రికార్డరు తనంతట తానే స్థాయి తగ్గించేసుకుంటుంది. మళ్ళీ కోలుకునేసరికి కొత్త గాయకుడు పాట మధ్యలో ఉంటాడు.

ఆ కొత్త గాయకుడు బ్లేజ్ బేలీ. నేను ఇంతగా ఈ టేపుల వెంట పడటానికి కారణం ఆయనే.

మెయిడెన్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చే గొంతు బ్రూస్ డికిన్సన్‌ది. అయితే ఆయన కూడా ఒకప్పుడు కొత్తవాడే. అంతకుముందు పాడిన పాల్ డియానో వెళ్ళిపోయాక, 1981 అక్టోబరులో ఇటలీలోని బొలోనాలో మొదటిసారి ఆ బృందంతో వేదిక ఎక్కాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘ది నంబర్ ఆఫ్ ది బీస్ట్’ బ్రిటన్‌లో మొదటి స్థానానికి వెళ్ళడంతో కొత్తవాడన్న మాటే జనం మరచిపోయారు. 1993 ఆగస్టులో ఆయన తప్పుకున్నాడు. ఆ ఖాళీలోకి 1994లో బ్లేజ్ వచ్చాడు. అంతకుముందు వుల్ఫ్స్‌బేన్ అనే బృందంలో పాడేవాడు. 1990లో బ్రిటన్‌లో మెయిడెన్ కచేరీలకు ముందు ఆ బృందమే వాయించింది. అంటే ఏ జనం ముందు నిలబడబోతున్నాడో ఆయనకు తెలుసు. తెలిసీ ఒప్పుకున్నాడు. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది అక్కడే.

ఆయనతో వచ్చిన స్టూడియో ఆల్బములు రెండే. 1995లో ‘ది ఎక్స్ ఫ్యాక్టర్’ బ్రిటన్‌లో 8వ స్థానం దాకా వెళ్ళింది. 1998లో ‘వర్చువల్ ఎలెవన్’ 16 దగ్గర ఆగింది. 1999 జనవరిలో ఆయన్ని పంపించేశారు. బ్రూస్, ఆయనతోపాటు గిటారిస్టు ఏడ్రియన్ స్మిత్ తిరిగొచ్చారు. మెయిడెన్ అంటే లైవ్ ఆల్బములకు కొదవ లేని బృందం. కానీ బ్లేజ్ పాడిన పూర్తి కచేరీ ఒక్కటి కూడా అలా వెలువడలేదు. 1996లో వచ్చిన ‘బెస్ట్ ఆఫ్ ది బీస్ట్’ సంకలనంలో ఒక పాట, సింగిల్స్ వెనక వైపున ఇంకొన్ని, అంతే. ఆయన ఆ వేదికల మీద ఎలా పాడాడో తెలుసుకోవాలంటే జనం పట్టిన టేపులే మనకు దిక్కు.

ఇవాళ్టి పని సంగతి రాసుకోవాలి. ఈ టేపులో రెండో క్యాసెట్ చివరికి వచ్చేసరికి బ్లేజ్ గొంతు సన్నబడి, నొక్కుకుపోయి వినిపిస్తుంది. ‘హాలోడ్ బీ దై నేమ్’లో అయితే పీకల మీదికి వచ్చినట్టు పాడుతున్నాడనిపిస్తుంది. బ్రూస్ పాటలను బ్లేజ్ మోయలేకపోయాడని అందరూ అనే మాటకు ఇది సరైన రుజువనుకోవచ్చు. కాని డ్రమ్స్ కూడా అంతే వేగంగా పరుగెత్తుతున్నాయి. డ్రమ్మరు నికో మెక్‌బ్రెయిన్ అలా వాయించడు. గిటారు మీటిన చోట ఆపి, కింది తీగ శ్రుతి చూశాను. ఆ తీగ 82 హెర్ట్జ్ చిల్లర దగ్గర మోగాలి. ఇక్కడ 87కు దగ్గరగా మోగుతోంది. అంటే ఇంచుమించు అర స్వరం పైకి లేచింది. కారణం బ్యాటరీలు. రికార్డరులో బ్యాటరీలు నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా కదులుతుంది. అలా నెమ్మదిగా నిండిన టేపును తర్వాత మంచి యంత్రంలో సరైన వేగంతో తిప్పితే పాట వేగం పెరుగుతుంది, గొంతు పైకి లేస్తుంది. మొదటి వైపున శ్రుతి సరిగ్గానే ఉంది. చివరికి వచ్చేకొద్దీ జారుతూ పోయింది. కనుక మొత్తానికి ఒకే లెక్క వేస్తే కుదరదు. పాటకు పాటగా విడగొట్టి, ఒక్కొక్క చోట గిటారు తీగను ఆనవాలు పట్టుకుని తగ్గించుకుంటూ వచ్చాను.

మధ్యాహ్నానికి ‘హాలోడ్’ పూర్తయింది. మొదటినుంచీ పెట్టి విన్నాను. ఛాతీలోంచి వచ్చే ఆ బరువైన గొంతు తిరిగొచ్చింది. పై స్వరాల దగ్గర ఇప్పటికీ కష్టపడుతున్నాడు, అది టేపు తప్పు కాదు. కాని ఆ నొక్కుడు ఆయనది కాదు. ఇన్నేళ్ళుగా ఈ కాపీ విన్నవాళ్ళందరూ బ్యాటరీల నీరసాన్ని కూడా కలిపి ఆయన ఖాతాలో వేసి ఉంటారు. తలచుకుంటే మనసు చివుక్కుమంది.

భోజనాలయ్యాక నాన్న వచ్చి కుర్చీలో కూర్చున్నారు. హెడ్‌ఫోన్లు తీసేసి స్పీకరులో పెట్టమన్నారు. నాన్నది తెనాలి దగ్గర ఊరు, పద్యనాటకాల మధ్య పెరిగిన మనిషి. భాష తెలియకపోయినా గొంతు వినడం ఆయనకు తెలుసు. కాసేపు కళ్ళు మూసుకుని విని అడిగారు.

“ఈ పాటలు ఇతని కోసం కట్టినవేనా అమ్మాయీ?”

“కొన్నే నాన్నా. ఇప్పుడు వస్తున్నది పాతది. ముందున్నాయన పాడినది.”

“ఆయన శ్రుతిలోనే పాడిస్తున్నారే! హార్మోనిస్టు శ్రుతి దించడా?”

నేను పాట ఆపేశాను. ఈ బృందం మీద నేను చదివినదంతా తిప్పి తిప్పి చెప్పే విషయం నాన్న ఒక్క ప్రశ్నలో అడిగేశారు. బ్లేజ్‌ది కింది స్థాయి గొంతు. బ్రూస్ గొంతు తార స్థాయిలో విహరిస్తుంది. పాత పాటలన్నీ బ్రూస్ పాడిన శ్రుతిలోనే వాయించారు, ఒక్క మెట్టు కూడా దిగలేదు. నాన్న చిన్నప్పటి సంగతి చెప్పారు. వాళ్ళ ఊరికి వచ్చే ఒక సమాజంలో పేరున్న కృష్ణుడు మానేస్తే ఒక కుర్రవాణ్ణి తెచ్చారట. రాయబారం సీనులో మొదటి పద్యానికి జనం గుర్రుగా చూస్తూ ఊరుకున్నారు. తెర పక్కనున్న హార్మోనిస్టు అది గమనించి, రెండో పద్యానికి ఎవరికీ తెలియకుండా ఒక మెట్టు దించాడు. మూడో పద్యానికి ‘వన్స్ మోర్’ పడింది.

“పాడేవాణ్ణి బట్టి కదా శ్రుతి,” అన్నారు నాన్న.

గిటార్లకు అది అంత తేలిక కాదని చెప్పాను. బృందంలో బేస్ గిటారు వాయించే స్టీవ్ హ్యారిస్ కట్టిన పాటల్లో చాలావాటికి కింది ‘ఇ’ తీగే పునాది. దించాలంటే తీగలన్నీ వదులు చేయాలి, లేదా వేరే శ్రుతిలో పెట్టిన గిటార్లు సిద్ధంగా ఉంచుకోవాలి. నాన్న ఒప్పుకోలేదు. అంత పెద్ద బృందానికి ఇంకో రెండు గిటార్లు కరువా అన్నారు. ఆలోచిస్తే నేనూ ఒప్పుకోలేకపోతున్నాను. తర్వాతి కాలంలో ఎన్నో మెటల్ బృందాలు గాయకుడి వయసును బట్టి శ్రుతి దించి వాయిస్తున్నాయి. అప్పుడు ఆ ఒక్క మెట్టు దిగి ఉంటే బ్లేజ్ కథ వేరుగా ఉండేదని గట్టిగా నమ్ముతాను.

ఇందుకు సాక్ష్యం ఇదే టేపులో ఉంది: ‘సైన్ ఆఫ్ ది క్రాస్’. పదకొండు నిమిషాల పాట, ఆయన గొంతు కోసమే కట్టినది. ‘ఎక్స్ ఫ్యాక్టర్’ నాటికి హ్యారిస్ సంసారం విచ్ఛిన్నమై ఉంది. ఆ దిగులంతా ఆల్బములో పరచుకుంది. దాన్ని మోయడానికి బ్రూస్ గొంతులోని మెరుపు కంటే ఈ మసకే సరైనదని నా అభిప్రాయం. చర్చిలో జపంలాంటి ఆరంభం అయ్యాక, దాదాపు మాట్లాడుతున్నట్టు మంద్రంలో బ్లేజ్ అందుకుంటాడు. టేపులో ఇక్కడ జరిగేది స్టూడియో రికార్డులో ఎన్నటికీ దొరకదు. మైకుకు దగ్గరలో ఒకతను మొదటినుంచీ ప్రతి పాటా గొంతు చించుకుని పాడుతున్నాడు, ‘రాత్‌చైల్డ్’లో అయితే బ్లేజ్ కన్నా అతనే ఎక్కువ వినిపిస్తాడు. ఇక్కడికి వచ్చేసరికి ఊరుకున్నాడు. వెనక ఎవరో మాట్లాడుతున్న మాటలు కూడా సన్నగిల్లి ఆగిపోయాయి. పాట మధ్యలో వాయిద్యాలు తగ్గిన చోట హాలు మొత్తం వింటోందని తెలుస్తుంది. పాట అయిపోయాక ఒక్క ఊపిరి సేపు ఏమీ లేదు, ఆ తర్వాత చప్పట్లు. అవి పాత పాటలకు అలవాటుగా పడే చప్పట్లు కావు. ఆ నాలుగైదు క్షణాల కోసం ఈ టేపును ఎన్నిసార్లైనా వింటాను.

ఆ పాటను ఇప్పుడు చాలామంది 2001 జనవరిలో రియోలో బ్రూస్ పాడినదిగానే ఎరుగుదురు. ‘రాక్ ఇన్ రియో’ ఆల్బములో అది అద్భుతంగా ఉంటుంది, కాదనను. ‘ది క్లాన్స్‌మన్’ కూడా అంతే. కాని లక్షల జనం ముందు గెలిచిన ఆ పాటలను మొదట చిన్న చిన్న హాళ్ళలో, అనుమానంగా చూసే జనం ముందు పెట్టి నిలబెట్టిన మనిషి వేరు. ఆ పనికి దొరికే ఆధారం సర్రుమనే రొద నిండిన ఈ క్యాసెట్లే.

వీటిని పట్టినవాళ్ళ గురించి కూడా రాయకుండా ఉండలేను. మంచి రికార్డింగు కావాలంటే పట్టేవాడు చప్పట్లు కొట్టకూడదు, అరవకూడదు, తల విదిలించకూడదు. తనకు ప్రాణమైన బృందం ఎదురుగా వాయిస్తుంటే రెండు గంటలు కొయ్యలా నిలబడాలి. తొంభై నిమిషాల క్యాసెట్ ఒక వైపు నలభై ఐదు నిమిషాలకే అయిపోతుంది. చీకట్లో తడుముకుంటూ తిప్పి వేయాలి. ఈ టేపులో ‘ది ఆఫ్టర్‌మాత్’ మధ్యలో తెగి, మళ్ళీ అందుకునేది అందుకే. ఆ తెగిన చోట జేబులో ఏదో రాసుకున్న చప్పుడు వినిపిస్తుంది. అందరూ అతుకు కనపడకుండా దాన్ని కోసేస్తారు. నేను ఉంచాను. అప్పట్లో ఖాళీ క్యాసెట్లు, పోస్టేజీ పంపిస్తే కాపీ చేసి పంపేవారు. అమ్మడం తప్పు, ఇచ్చిపుచ్చుకోవడమే పద్ధతి. కాపీకి కాపీ తీసిన కొద్దీ రొద పెరిగేది. కనుక ఇది ఎన్నో తరం కాపీయో అట్ట మీద రాసేవారు. నా దగ్గరున్నది మూడో తరం.

సాయంత్రం 1998 టేపు ఒకటి కొంచెం విన్నాను. ఎక్కువసేపు వినలేకపోయాను. ఆ పర్యటనల్లో ఆయన గొంతు దెబ్బతిని కొన్ని కచేరీలు రద్దు చేయాల్సి వచ్చింది. రాత్రి తర్వాత రాత్రి తనది కాని శ్రుతిలో రెండు గంటలు పాడితే ఏ గొంతు నిలుస్తుంది? అయినా ఆయన పాట మానలేదు. 2000లో సొంత పేరుతో ‘సిలికాన్ మెస్సయ్య’ తెచ్చాడు. 2023లో గుండెపోటు వచ్చి బైపాస్ శస్త్రచికిత్స జరిగాక కూడా మళ్ళీ వేదిక ఎక్కాడు.

మెయిడెన్ వాళ్ళను నేను కోరేది ఒక్కటే. 1996 సంకలనంలోని ఆ ఒక్క లైవ్ పాట హెల్సింకీలో సక్రమమైన పరికరాలతో పట్టినది. పాట ఒకటి పట్టడానికి అంత సరంజామా ఎవరూ మోసుకెళ్ళరు. ఆ రాత్రి మిగతా పాటలు కూడా ఎక్కడో ఒక అలమారులో ఉండి తీరాలి. వాటిని బయటికి తీయాలి. ఆయన ఆరోగ్యంగా ఉండగానే, ఆయన పేరు అట్ట మీద వేసి తీయాలి. అప్పటిదాకా నా దగ్గరున్న టేపులు ఒక్కొక్కటే శ్రుతికి తెస్తాను. వచ్చే వారం 1996ది మొదలుపెట్టాలి. దాని రెండో వైపు ఇంతకంటే ఎక్కువ జారింది.