చింతామణి దిక్కున బండి బాటలు: డిసెంబరు నుంచి సెప్టెంబరు దాకా

బెంగళూరులో ఫోర్ వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్ళ చూపు ముందుగా కనకపుర రోడ్డు మీదే పడుతుంది. సంగమ, మేకెదాటు అని పేర్లు వినీ వినీ ఉంటాం కదా. నేను మాత్రం ఊరికి ఈశాన్యాన, తూర్పున తిరుగుతున్నాను: చింతామణి, శ్రీనివాసపుర, ముళబాగిలు, బాగేపల్లి. దక్షిణాన దారి బాగున్న చోటల్లా అడవే. బన్నేరుఘట్ట నేషనల్ పార్కు, కావేరి అభయారణ్యం, వాటి చుట్టూ రిజర్వు ఫారెస్టులు. అనుమతి లేకుండా లోపల చక్రం పెడితే 1963 నాటి కర్ణాటక అటవీ చట్టం కింద కేసు, అభయారణ్యమైతే 1972 వన్యప్రాణి చట్టం కూడా తోడవుతుంది. ఇంకో సంగతి, చింతామణి దాటాక పల్లెల్లో దారి తెలుగులోనే అడగొచ్చు. కైవారం తాతయ్య అనే యోగి తత్వాలు పాడింది ఈ నేల మీదే, తెలుగులోనూ పాడారు.

బండి జిమ్నీ, ఐదు డోర్లది, మాన్యువల్ గేరు. తోడుగా మా బావమరిది థార్. ఒంటి బండితో మట్టిదారి ఎక్కకూడదని మా ఆవిడ పెట్టిన షరతు. తమ్ముడిని కాపలాకి పంపిస్తోందేమో అని అనుమానం కూడా ఉంది గానీ, షరతు మాత్రం మంచిదే.

డిసెంబరు

రాగి కోతలు ఇంకా పూర్తి కాలేదు. చాలా పల్లెల్లో కోసిన రాగి కట్టలు దారి మీదే పరిచి ఉన్నాయి. ఈ నెలంతా మ్యాపుల పని.

సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 షీట్లలో చిక్కబళ్ళాపుర, బాగేపల్లి వైపు 57 జి కిందకి వస్తాయి. చింతామణి, కోలారు, ముళబాగిలు 57 కె కిందకి వస్తాయి. ఇందులో నేను ముందు చూసేది దారులు కాదు, అడవి హద్దులు. ఆర్.ఎఫ్. (రిజర్వు ఫారెస్టు) అని రాసి ఉన్న ప్రతి గుట్ట చుట్టూ ఎర్ర పెన్సిలుతో గీత గీసి, ఆ లోపల ఏముందో చూడటం మానేస్తాను. మిగిలిన భాగంలో బండి బాటల్ని శాటిలైట్ బొమ్మతో పోల్చాలి. షీటులో ఉన్న బాట నేల మీద లేకపోవడం మామూలే. ఎవరో దున్నేసి ఉంటారు, లేదా క్వారీ మింగేసి ఉంటుంది.

తర్వాత అడగాల్సిన ప్రశ్న: బాట ఉంది సరే, అది ఎవరిది? దీనికి కర్ణాటక ప్రభుత్వపు దిశాంక్ యాప్ బాగా పనికొస్తుంది. నిలబడ్డ చోటు సర్వే నంబరు, ఊరి పేరు చూపిస్తుంది. ఆ నంబరుతో పహణి (భూమి హక్కుల పత్రం) తీస్తే పట్టానా, గోమాళమా (పశువులు మేసే సర్కారు నేల), బి ఖరాబా అని తెలుస్తుంది. బి ఖరాబు అంటే దారులు, వంకలు, చెరువుల వంటి ఊరుమ్మడి అవసరాలకి వదిలిన నేల. గ్రామపటంలో గీసి ఉన్న దారిని ఇక్కడ 'నకాశె దారి' అంటారు. ఆ దారిలో నడిచే హక్కు అందరికీ ఉంటుంది. గ్రామపటాలు భూదాఖలాల శాఖ వెబ్‌సైటులో పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. ఫోన్‌లో జీపీఎస్ కొన్ని మీటర్లు అటూఇటూ చూపిస్తుంది కాబట్టి గట్టు పక్కన నిలబడి యాప్‌ని పట్టుకుని వాదనకి దిగకూడదు. రైతు వద్దంటే వద్దు, అంతే.

ఇలా వడకట్టిన దారుల్ని జీపీఎక్స్ (జీపీఎస్ దారుల) ఫైలుగా చేసి, మ్యాపుల యాప్ అయిన ఓస్మ్‌యాండ్‌లో వేసుకున్నాను. గుట్టల వెనక సిగ్నలు పోతుంది, అందుకే మ్యాపు ముందే ఫోన్‌లోకి దించి పెట్టుకోవాలి. బావమరిది ఇదంతా చూసి, "బావా, మనం బండి తోలడానికి పోతున్నామా, రిజిస్ట్రేషన్‌కి పోతున్నామా?" అన్నాడు.

ఫిబ్రవరి

మంచి నెల. నేల గట్టిపడింది, పొలాలు ఖాళీ, ఎండ ఇంకా ముదరలేదు. తెల్లవారుజామున కె.ఆర్.పురం దాటి, హొసకోటె దగ్గర ఎడమకి తిరిగి, హెచ్ క్రాస్ మీదుగా చింతామణి. తారు వదిలేది ఆ తర్వాతే.

టైర్లు మార్చాను. కంపెనీ ఇచ్చినవి 195/80 ఆర్15, ఇప్పుడున్నవి 215/75 ఆర్15 ఆల్ టెర్రెయిన్. లెక్క వేస్తే టైరు మొత్తం ఎత్తు సుమారు 693 మిల్లీమీటర్ల నుంచి 703కి పెరిగింది. బండి లేచేది అందులో సగమే, అంటే 5 మిల్లీమీటర్లు. స్పీడోమీటరు ఒకటిన్నర శాతం తక్కువ చూపిస్తుంది. ఈ 5 మిల్లీమీటర్ల కోసం ఎవరూ టైర్లు మార్చక్కర్లేదు. డబ్బు పెట్టింది పక్క గోడ మందం కోసం. ఈ ప్రాంతమంతా సర్కారు తుమ్మ. ముల్లు మధ్యలో దిగితే ప్లగ్గు వేసుకుని కదలొచ్చు. పక్క గోడలో దిగితే స్టెప్నీ ఒక్కటే గతి.

గాలి తీయడం గురించి రెండు మాటలు. గాలి తగ్గితే టైరు నేలకి పొడుగ్గా ఆనుతుంది, రాయిని ఎగదన్నకుండా దాని మీద పరుచుకుంటుంది. పట్టు అక్కడే దొరుకుతుంది. కానీ పక్క గోడ ఉబ్బి ముళ్ళకి ఎదురు వెళుతుంది. అందుకే తుమ్మ సందుల్లో 22 పీఎస్ఐ కంటే దించను. బండల మీద 18, వంక ఇసుకలో 16. 15 కిందకి పోతే పక్కకి తిప్పినప్పుడు టైరు రిమ్ము నుంచి జారే ప్రమాదం ఉంది. గాలి తీసిన టైరుతో గంటకి 30 కిలోమీటర్లు దాటను. తారు ఎక్కే ముందు డోరు స్టిక్కరు మీదున్న అంకెకి మళ్ళీ నింపుకోవాలి. కంప్రెసరుని లైటరు సాకెట్టుకి తగిలిస్తే ఫ్యూజు పోవచ్చు, క్లిప్పులున్నది కొని నేరుగా బ్యాటరీకి పెట్టాలి, ఇంజను ఆన్‌లో ఉంచాలి. థార్ టైర్లు పెద్దవి, వాటికి పట్టే టైములో మేము తెచ్చుకున్న చిత్రాన్నం అయిపోతుంది.

ఈ నెలలో అసలు నేర్చుకున్నది అడ్డగుంటలు. గుంటల్ని ఏటవాలుగా దాటేటప్పుడు ముందు ఎడమ చక్రం, వెనక కుడి చక్రం రెండూ గాల్లోకి లేస్తాయి. రెండు పక్కల చక్రాలకీ శక్తి పంచే మామూలు డిఫరెన్షియల్‌లో ఇంజను శక్తి తేలిగ్గా తిరిగే చక్రానికే పోతుంది కాబట్టి గాల్లో ఉన్నవి గిర్రున తిరుగుతాయి, బండి కదలదు. జిమ్నీలో రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ లేదు, బ్రేకుతో ఆ పని చేయిస్తారు. తిరిగే చక్రానికి బ్రేకు పడితే శక్తి అటువైపు చక్రానికి మళ్ళుతుంది. కానీ చక్రం కొంచెం తిరిగితేనే ఆ ఏర్పాటు మేలుకుంటుంది. చక్రం గిర్రుమనగానే కాలు దానంతటదే యాక్సిలరేటరు మీంచి లేస్తుంది, అప్పుడది మళ్ళీ పడుకుంటుంది. 4ఎల్ (నాలుగు చక్రాలకీ శక్తి, తక్కువ వేగం), మొదటి గేరు, కాలు కదపకుండా ఒకే ఒత్తిడి. రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడు, ఆ తర్వాత నెమ్మదిగా ఎక్కుతుంది. ఆ రెండు సెకన్లు కాలు నిలబెట్టడానికే నాకు నెలంతా పట్టింది.

దిగుడు సులువు. 4ఎల్, మొదటి గేరు, క్లచ్చు మీద కాలు పెట్టకూడదు. ఇంజనే పట్టి ఉంచుతుంది.

తారు మీద మాత్రం వెనక రెండు చక్రాలకే శక్తి వెళ్ళే 2హెచ్‌కి తిరిగి రావాలి. జిమ్నీలో మధ్య డిఫరెన్షియల్ లేదు. మలుపులో ముందు చక్రాలు, వెనక చక్రాలు వేర్వేరు దూరాలు తిరగాలి కదా. మట్టిలోనైతే ఆ తేడా జారుడులో కలిసిపోతుంది, ఎండు తారు మీద ఆ బిగువంతా షాఫ్టుల మీద పడుతుంది.

ఏప్రిల్

ఎండల్లో చెరువులు ఎండిపోతాయి, చెరువు మధ్యలోంచి అడ్డంగా దాటొచ్చు అని ఎవరైనా పాత ట్రాక్ ఫైలు ఇస్తే నమ్మొద్దు. కోలారు జిల్లాలో ఇప్పుడు ఆ లెక్క మారింది. బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి ఇక్కడి చెరువుల్లోకి పంపే కోరమంగల - చల్లఘట్ట పథకం 2018లో మొదలైంది. రోజుకి 440 మిలియన్ లీటర్లు, 126 చెరువులు అన్నది దాని అంచనా. ఏళ్ళ తరబడి తుమ్మ మొలిచిన చెరువుల్లో ఇప్పుడు నడి వేసవిలోనూ నీళ్ళు. నా ఫోన్‌లో పాత బాట చెరువు మధ్యలోకి పోతోంది, ఎదురుగా కొంగలు నిలబడి ఉన్నాయి. మా అపార్టుమెంటు నీళ్ళే ముందుగా ఇక్కడికి చేరాయన్న మాట.

గొర్రెలు మేపుతున్న ఒక పెద్దాయన్ని అడిగాం.

"యాడికి పోవల్ల మీరు?"

"ఆ గుట్ట వెనకాలకి, పెద్దాయనా. మ్యాపులో దారి ఉంది."

"మ్యాపులో ఉంటాది. ఆ దావ నీళ్ళలో పొయ్యింది సామీ. కట్ట మీద ట్రాక్టరు గూడా పోదు, మరవ కాడ తెగింది. ఈ పక్క మామిడి తోపు అంచున పోండి, ఎద్దుల బండ్లు పొయ్యే దావ అది. తోపు మావాడిదే, నేను చెప్పినానని చెప్పండి."

ఆ దారి ఏ మ్యాపులోనూ లేదు. బండల మీదుగా, మధ్యలో ఒక చిన్న వంక దాటి, గుట్ట వెనక గోమాళంలోకి తేలింది. ఇప్పటిదాకా తిరిగిన వాటిలో ఇదే నాకు బాగా నచ్చింది. దాన్ని ఎక్కడా పెట్టను. తోపు ఆయనది.

కట్టలు దాటేటప్పుడు ఐదు డోర్ల జిమ్నీకి పొట్ట తగులుతుంది. దిగువన ఖాళీ 210 మిల్లీమీటర్లే అయినా అసలు చిక్కు చక్రాల మధ్య దూరం: 2590 మిల్లీమీటర్లు. బండి తగలకుండా దాటగల వాలు ముందు 36 డిగ్రీలు, వెనక 50 డిగ్రీలు అని గొప్పగా చెప్పుకున్నా, మధ్యలో పొట్ట కింద 24 డిగ్రీలే. థార్‌కి ఆ దూరం 2450, కింద 226. వాడు గీసుకోకుండా దాటిన గట్టు మీద నేను పార తీసుకుని కొంచెం చదును చేసి, దాటాక మళ్ళీ మట్టి కప్పాను.

మల్బరీ తోటల పక్కన రెండో గేరు దాటకండి. దుమ్ము పట్టిన ఆకు పట్టుపురుగులకి పెట్టలేరు. చింతామణి, శిడ్లఘట్ట వైపు ఇది బతుకుదెరువు సంగతి.

జూన్

శ్రీనివాసపుర వైపు మామిడి కాయ దిగుతోంది. తోటల దారులన్నీ ట్రాక్టర్లు, టెంపోలు. మనం అడ్డం పడే కాలం కాదు. వెళ్ళలేదు. బండికి ఆయిళ్ళు మార్పించి, డిఫరెన్షియల్‌కి గాలి ఆడే బ్రీదర్ గొట్టాలు మూసుకుపోలేదని చూసుకున్నాను.

కేజీఎఫ్ (కోలారు బంగారు గనులు) సయనైడ్ దిబ్బలకి పోదాం అని ఆఫీసులో ఎప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు. 2001లో మూతపడ్డ గనుల నుంచి మిగిలిన వ్యర్థం అవి. పిండి లాంటి దుమ్ము, పైగా ఆ నేల గనుల సంస్థది. నేను రాను.

సెప్టెంబరు

వానలు పట్టాయి. ఎర్ర నేల నీళ్ళు ఇంకిపోయాక పట్టు బాగానే ఇస్తుంది. చెరువు అంచు ఒండ్రు మాత్రం మోసం: పైన ఎండి పగుళ్ళిచ్చి ఉంటుంది, కింద జావ. పశువుల గిట్టల గుర్తులు చూడాలి. గిట్ట నాలుగు వేళ్ళ లోతు దిగి ఉంటే అక్కడికి బండి తీసుకుపోను.

థార్ ఒకచోట కూరుకుంది. ఊళ్ళోంచి ట్రాక్టరు అబ్బాయి గొలుసు తెచ్చాడు, వద్దన్నాం. గొలుసు సాగదు, తెగితే మనిషి మీదకి ఎగురుతుంది. మా దగ్గరున్నది సాగే నైలాన్ తాడు, ఇది మూడో వంతు దాకా సాగి, ఆ ఊపుతో లాగుతుంది. రెండు చివరలా ఛాసిస్‌కి బిగించిన హుక్కులకే తగిలించాలి. రవాణా కోసం ఇచ్చిన సన్న కొక్కేలకి ఎప్పుడూ వద్దు. తాడు నడిమధ్య తడి దుప్పటి వేయాలి, చూసేవాళ్ళని తాడు పొడవుకి ఒకటిన్నర రెట్లు దూరం పంపాలి. అందరికంటే కష్టం ఈ చివరిదే. ఊళ్ళో పిల్లలందరూ అక్కడే ఉన్నారు. లాగే ముందు చక్రాల ముందు మట్టి పారతో తీసేస్తే పని సగం అయిపోతుంది, జిమ్నీ అంత తేలిక బండి థార్‌ని కదిలించింది అందుకే. వాడు నాకు ఇంకా పార్టీ బాకీ.

వంకలో నీళ్ళు పారుతుంటే ఒకరు ముందు కర్రతో నడిచి దాటాలి. మోకాలు దాటినా, కాలు లాగేస్తున్నా వెనక్కే. దాటాక బ్రేకు రెండు మూడుసార్లు తేలిగ్గా నొక్కి ఆరబెట్టుకోవాలి.

ముళబాగిలు దాటి ఆంధ్ర సరిహద్దు వైపు ఇంకా పోలేదు. ఆ పక్క కౌండిన్య అభయారణ్యం ఏనుగులు తిరుగుతాయి. పోతే సాయంత్రం నాలుగుకల్లా తారెక్కేలా చూసుకోవాలి. దానికంటే ముందు పొట్ట కింద స్కిడ్ ప్లేటు వేయించాలి. దీపావళి బోనస్ పడ్డాక, రాగి ఇళ్ళకి చేరాక చూస్తాను. గ్రామపటాలు దించడం మాత్రం మొదలుపెట్టాను, నంగలి వైపు.